జిప్సీ కింగ్ (కార్బ్యురేటర్): ఫుల్ ఇంజిన్ పని అయ్యాక ఐడ్లింగ్‌లో టక్ టక్ సౌండ్

గెడ్డజిప్సీ | విశాఖపట్నం

అందరికీ నమస్కారం. బండి 1998 జిప్సీ కింగ్, కార్బ్యురేటర్ మోడల్, 1298 సీసీ, 8 వాల్వుల ఇంజిన్. పోయిన వానాకాలం అనంతగిరి అవతల గెడ్డ దాటుతుంటే ఎయిర్ ఫిల్టర్‌లోంచి నీళ్లు లాగేసి ఇంజిన్ ఉన్నపళాన ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే కదల్లేదు. విప్పి చూస్తే 3వ సిలిండర్ కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది.

ఎలాగూ దించాం కదా అని మొత్తం పని చేయించాను. బోరింగ్ 0.50 ఓవర్‌సైజ్, కొత్త పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్ చేసి 0.25 అండర్‌సైజ్ బేరింగులు, కొత్త ఆయిల్ పంపు, టైమింగ్ బెల్టు, వాల్వ్ సీట్లు గ్రైండింగ్. వంగిన రాడ్ మార్చాం, మిగతా మూడూ పాతవే.

స్టార్ట్ బాగానే అవుతోంది, పొగ లేదు. కానీ ఐడ్లింగ్‌లో ముందు వైపు నుంచి టక్, టక్ అని ఇనుము కొట్టుకున్న సౌండ్. ఒక వరసలో రాదు. కాసేపు గట్టిగా, కాసేపు అసలే లేదు. 1500 ఆర్‌పీఎం దాటించి పట్టుకుంటే మాయం. వదిలితే మళ్లీ మొదలు. "కొత్త పని కదా సార్, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అంటున్నాడు మెకానిక్. నాకైతే టెన్షన్‌గా ఉంది. ఏం చూడమంటారు?

టాపెట్‌బాబాయ్ | రాజమహేంద్రవరం

ముందు చవకైనవి చూద్దాం. ఈ ఇంజిన్లో హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు, టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని తొక్కే రాకర్‌కీ మధ్య సందు) రాకర్ మీద స్క్రూ, లాక్‌నట్‌తో చేత్తో సెట్ చేసుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.13 నుంచి 0.17 మి.మీ., ఎగ్జాస్ట్ 0.16 నుంచి 0.20. వేడి మీద చేస్తే కొలతలు వేరు, ఇన్‌లెట్ 0.23 నుంచి 0.27, ఎగ్జాస్ట్ 0.26 నుంచి 0.30. చాలామంది వేడి ఇంజిన్‌కి చల్లటి కొలత పెట్టేస్తారు. అప్పుడు సౌండ్ రాదు కానీ ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది.

ఇంకో సంగతి. కార్బ్యురేటర్ బండి కాబట్టి పెట్రోల్ పంపు హెడ్‌కే ఉంటుంది, క్యామ్ దాని లివర్‌ని తొక్కుతుంటుంది. ఆ లివర్ అరిగినా టక్ టక్ అంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన పంపు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విను నాయనా.

శామీర్‌పేట్ థార్ | హైదరాబాద్

వీడియో పెట్టన్నా, వినకుండా ఏం చెప్తం.

లేత్‌మాస్టర్ | విజయవాడ, ఆటోనగర్

నాకు మెషిన్ షాపు ఉంది. ఇంజిన్ పనులు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, "తిరిగితే సర్దుకుంటుంది" అనేది రింగులకు చెల్లుతుంది, బేరింగులకు చెల్లదు. కొత్తగా చేసిన ఇంజిన్లో కొట్టుడు ఉంటే అది తగ్గదు, పెరుగుతుంది. సంగతి తేలేదాకా బండి తిప్పకండి.

మీ దగ్గర ఉండాల్సిన కొలతలు అడుగుతాను. రాడ్ బేరింగ్‌లో ఆయిల్ గ్యాప్ 0.08 మి.మీ. దాటితే పనికిరాదు. మెయిన్ బేరింగులకు 0.02 నుంచి 0.04 ఉండాలి, హద్దు 0.06 మాత్రమే. ప్లాస్టిగేజ్ (బేరింగ్ గ్యాప్ కొలిచే సన్నటి ప్లాస్టిక్ తీగ) పెట్టి చూశారా? లేక బేరింగ్ షెల్లు పెట్టి, బిగించి, చేత్తో తిప్పి "ఫ్రీగా ఉంది" అన్నారా? పిస్టన్‌కీ బోరుకీ మధ్య 0.02 నుంచి 0.04 ఉండాలి. బోరు ఎక్కువ తీసేస్తే చల్లటి ఇంజిన్లో పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. మీది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడి మీద ఎక్కువా? అది రాయలేదు.

పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు పుల్లీ వైపు చూడాలి. మెయిన్ క్యాపుల మీద బాణాలూ అటే. రాడ్ క్యాపులు ఒకదానివి ఒకదానికి మారాయేమో కూడా అడగండి. మూడు పాత రాడ్లు వాడారన్నారు. నీళ్లు తాగిన ఇంజిన్లో ఒకటి వంగిందంటే పక్కవి వంగలేదని కంటితో చూసి చెప్పలేం. అలైన్‌మెంట్ ఫిక్స్చర్ మీద పెట్టి చూడాలి.

గెడ్డజిప్సీ

బాబాయ్ గారూ, చల్లటి మీద టాపెట్లు మళ్లీ చేయించాను. రెండు కాస్త వదులుగా ఉన్నాయి, అవి సరిచేశాక పైన ఉన్న చిటపట పోయింది. కానీ అసలు టక్ టక్ అలాగే ఉంది. పెట్రోల్ పంపు మీద స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను, అక్కడ కాదు. ముందు టైమింగ్ కవర్ దగ్గర గట్టిగా వినిపిస్తోంది.

మాస్టర్ గారూ, చలికీ వేడికీ తేడా లేదు. మూడు పాత రాడ్లూ ఫిక్స్చర్ మీద చూశారు, రిపోర్టు ఉంది. ప్లాస్టిగేజ్ స్ట్రిప్‌ల ఫొటోలు కూడా నేనే తీసుకున్నాను, అన్నీ 0.03 దగ్గర్లో ఉన్నాయి. బాణాలు పుల్లీ వైపే. ఆయిల్ లైట్ స్విచ్ తీసి ప్రెషర్ గేజ్ పెట్టించాను. 3000 ఆర్‌పీఎం దగ్గర 3.6 కేజీ చూపిస్తోంది.

లేత్‌మాస్టర్

మంచి వివరం. 3000 దగ్గర 3.0 నుంచి 4.2 ఉండాలి కాబట్టి ప్రెషర్ బ్రహ్మాండం. మెయిన్ బేరింగ్ అనుమానం చాలావరకు పోయినట్టే. రాడ్ అనుమానం మాత్రం ప్రెషర్ చూసి కొట్టేయలేం, ఒక్క రాడ్ వదులైనంత మాత్రాన గేజ్ అంతగా పడిపోదు.

నల్లమల రైడర్ | కర్నూలు

నాకు తెలిసి ఇది రాడ్ కొట్టుడే అన్నా. మా ఫ్రెండు బండి సేమ్ ఇట్లే టక్ టక్ అంటా ఉండె, చూద్దాంలే అని ఆత్మకూరు ఘాట్ ఎక్కించినాడు, రాడ్ బ్లాకు పగలగొట్టుకొని బయటికొచ్చె. చాంబర్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) దించి చూసుకోండి, మేలు.

పాడేరుకమాండర్ | పాడేరు

మా కమాండర్ డీజిల్ కాబట్టి మాకు సుళువు. ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటీ కొంచెం వదులు చేస్తే ఆ సిలిండర్ ఆగిపోద్ది, సౌండ్ పోయిందంటే దొంగ దొరికేసినట్టే. చేయి మాత్రం అడ్డం పెట్టకూడదు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దిగిపోద్ది. పెట్రోల్ బండికి ప్లగ్ వైర్లు పీకి చూడాల. చూశారా?

శామీర్‌పేట్ థార్

ఇదే టాపిక్‌ల ఒక డౌట్. మా మామ బొలెరో ఎత్తు ఎక్కేటప్పుడు కిర్రు మంటుంది, అది కూడా…

మోడరేటర్

బొలెరోకి వేరే టాపిక్ తెరవండి బ్రదర్. ఇక్కడ జిప్సీ సంగతే.

గెడ్డజిప్సీ

ప్లగ్ వైర్లు ఒక్కొక్కటిగా తీసి చూశాం. గాల్లో వేలాడదీయకుండా పాత ప్లగ్ పెట్టి బాడీకి ఎర్త్ చేశాం. చిత్రం ఏంటంటే, ఏ వైరు తీసినా సౌండ్ మారుతోంది, కానీ ఏ వైరు తీసినా పూర్తిగా పోవట్లేదు. నిజానికి ఏది తీసినా ఐడ్లింగ్ వణికి సౌండ్ ఇంకాస్త పెరుగుతోంది.

టాపెట్‌బాబాయ్

అయితే చాంబర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. రాడ్ కొట్టుడైతే ఆ ఒక్క సిలిండర్ వైరు తీసినప్పుడు తగ్గాలి. పైగా యాక్సిలరేటర్ తొక్కి ఠక్కున వదిలిన క్షణంలో గలగలమనాలి. గడ్జియన్ పిన్ (పిస్టన్‌నీ రాడ్‌నీ కలిపే పిన్) అయితే ఐడ్లింగ్‌లో జంటగా, టకటక టకటక అని వస్తుంది. నీది ఈ రెండూ కావు.

టైమింగ్ లైట్ ఉంటే ఒక పని చెయ్యి. క్లిప్పు 1వ సిలిండర్ వైరుకి పెట్టి, లైటు వెలుగునీ సౌండ్‌నీ కలిపి గమనించు. 1వ ప్లగ్ క్రాంక్ రెండు తిరుగుళ్లకి ఒక్కసారి వెలుగుతుంది. ఒక్కో వెలుగుకి ఒక్కో టక్ వస్తే అది క్యామ్ వేగంతో తిరిగే వస్తువు, అంటే టాపెట్, పంపు, డిస్ట్రిబ్యూటర్. రెండేసి టక్‌లు వస్తే క్రాంక్ వేగంతో తిరిగేది. అలాగే క్లచ్ తొక్కి చూడు, ఫ్యాన్ బెల్టు తీసి ఒక్క నిమిషం నడిపి చూడు. బెల్టు లేకుండా ఎక్కువసేపు వద్దు, వాటర్ పంపు తిరగదు.

గెడ్డజిప్సీ

చేశాను. సౌండ్ ఒక వరసలో రాదు కాబట్టి లెక్క కష్టమే, కానీ గట్టిగా వస్తున్నప్పుడు వెలుగుకి రెండు టక్‌లు. క్లచ్ తొక్కితే తేడా లేదు. ఫ్యాన్ బెల్టు తీసేస్తే సౌండ్ సగానికి పైగా తగ్గింది! ఆల్టర్నేటర్ బేరింగ్ అనుకుని చేత్తో తిప్పి చూశాను, వెన్నలా తిరుగుతోంది. వాటర్ పంపులోనూ ఆట లేదు. టైమింగ్ మార్కు కూడా లైట్‌లో కదలకుండా నిలబడి ఉంది.

నల్లమల రైడర్

బెల్టు తీస్తే తగ్గిందంటే ఆల్టర్నేటరే అన్నా. కొత్తది వేసి చూడు.

సమురాయ్ డల్లాస్ | టెక్సాస్

ఆల్టర్నేటర్ కొనకండి, డబ్బులు దండగ. నా దగ్గర 1988 సుజుకీ సమురాయ్ ఉంది. ఇక్కడ ఆ బండి 1986 మోడల్ నుంచి 1995 దాకా అమ్మారు. మీ ఇంజిన్, నా ఇంజిన్ ఒకే కుటుంబం, జీ13. ఈ ఇంజిన్ల వాళ్లకి ఇక్కడ బాగా తెలిసిన జబ్బు ఒకటుంది. మీరు చెప్పినవన్నీ దానికి సరిపోతున్నాయి.

క్రాంక్ ముందు చివర టైమింగ్ బెల్టు పళ్ల పుల్లీ ఉంటుంది. అది క్రాంక్ మీద జారకుండా ఒక చిన్న కీ, దాన్ని నొక్కి పట్టుకోవడానికి మధ్యలో ఒక పెద్ద బోల్టు. ఫ్యాన్ బెల్టు పుల్లీ ఈ పళ్ల పుల్లీకే చిన్న బోల్టులతో బిగుస్తుంది. చాలామంది కీ ఉంది కదా, పుల్లీని అదే తిప్పుతుందనుకుంటారు. కీ పని పుల్లీని సరైన స్థానంలో కూర్చోబెట్టడం వరకే. బరువు మోయాల్సింది బోల్టు బిగువు. ఆ బోల్టు వదులైతే పుల్లీ కీ మీద ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఉంటుంది. కీ అరుగుతుంది, కీవే (కీ కూర్చునే గాడి) వెడల్పవుతుంది. ఆ సౌండ్ అచ్చం రాడ్ కొట్టుడులా ఉంటుంది. దీన్ని పోల్చుకోలేక ఇంజిన్ మొత్తం విప్పేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

ఐడ్లింగ్‌లోనే ఎందుకంటే, తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్ గబుక్కున ముందుకెళ్లి మళ్లీ మందగిస్తుంది. పుల్లీకి అవతల ఆల్టర్నేటర్, వాటర్ పంపు వేలాడుతుంటాయి కాబట్టి అది వెనకబడి కీని గుద్దుతుంది. ప్లగ్ వైరు తీస్తే ఆ కుదుపు ఇంకా పెరుగుతుంది, అందుకే ఏ వైరు తీసినా సౌండ్ ఎక్కువైంది. బెల్టు తీస్తే బరువు తగ్గింది, సౌండ్ తగ్గింది. ఆర్‌పీఎం పెంచితే కుదుపు పోయి పుల్లీ ఒక పక్కకే ఆని ఉంటుంది.

లేత్‌మాస్టర్

డల్లాస్ గారూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను, ఒక్కటి కుదరట్లేదు. పళ్ల పుల్లీ ఆడుతుంటే క్యామ్ ఆడాలి, క్యామ్ ఆడితే డిస్ట్రిబ్యూటర్ ఆడాలి, టైమింగ్ మార్కు లైట్‌లో గంతులెయ్యాలి. ఆయన మార్కు నిలబడి ఉందంటున్నారు కదా?

సమురాయ్ డల్లాస్

మంచి ప్రశ్న మాస్టర్ గారూ. మీరు చూసే మార్కు ఎక్కడుంది? ఫ్యాన్ బెల్టు పుల్లీ అంచు మీద. ఆ పుల్లీ పళ్ల పుల్లీకి బిగిసి ఉంది. డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యామ్, క్యామ్‌ని తిప్పేది అదే పళ్ల పుల్లీ. అంటే మార్కూ, స్పార్కూ రెండూ ఒకే వస్తువు మీద సవారీ చేస్తున్నాయి. పుల్లీ ఆడితే రెండూ కలిసే ఆడతాయి. క్రాంక్‌కీ పుల్లీకీ మధ్య ఎంత ఆట ఉన్నా ఆ లైటుకు కనిపించదు.

తేల్చుకోవడానికి 1వ ప్లగ్ తీసి, రంధ్రంలో సన్నటి రాడ్ నిలబెట్టి, పిస్టన్ నిజంగా పైకొచ్చిన చోటు పట్టుకోండి. అప్పుడు పుల్లీ మార్కు 0 దగ్గర ఉందో లేదో చూడండి. ఇంకా తేలిక దారి, ఫ్లైవీల్ కదలకుండా పళ్లలో స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి, ఫ్యాన్ బెల్టు తీసేసి, పుల్లీని రెండు చేతులతో అటూ ఇటూ ఆడించండి. ఒక్క వెంట్రుక కూడా కదలకూడదు. ఇవి చేసేటప్పుడు బ్యాటరీ వైరు తీసేయండి, ఎవరైనా సెల్ఫ్ కొడితే వేళ్లు పోతాయి.

లేత్‌మాస్టర్

ఒప్పుకున్నాను. ఈ కోణం నాకు తట్టలేదు, మా దగ్గరకి క్రాంక్ ఎప్పుడూ విప్పిన తర్వాతే వస్తుంది.

గెడ్డజిప్సీ

దొరికింది!!

పుల్లీ అంచు దగ్గర దాదాపు 5 మి.మీ. ఆట. చేత్తో ఆడిస్తేనే అదే టక్ టక్. మధ్య బోల్టుకి సాకెట్ పెడితే పెద్ద బలం లేకుండానే తిరిగొచ్చేసింది. పుల్లీ లాగితే లోపలంతా కుంకుమ లాంటి ఎర్రటి పొడి. కీ ఒక పక్క అద్దంలా మెరుస్తోంది, ఆ పక్క మధ్యలో మెట్టులా తెగి ఉంది. పుల్లీ కీవే ఒక అంచు గుండ్రంగా అరిగిపోయింది. క్రాంక్ కీవే కూడా బయటి చివర కొంచెం వెడల్పయింది, లోపలికి బాగానే ఉంది. ఫొటోలు కింద పెట్టాను.

మెకానిక్‌ని అడిగితే ఇంజిన్ కింద ఉన్నప్పుడే రింగ్ స్పానర్‌తో కొట్టి బిగించామన్నాడు. ఫ్లైవీల్ ఎవరు పట్టుకున్నారంటే జవాబు లేదు.

పాడేరుకమాండర్

అమ్మ బాబోయ్. బోల్టు ఒక్కటి ఎంత పని చేసింది!

లేత్‌మాస్టర్

తప్పంతా బిగింపుదే అని నేనైతే అనను. గెడ్డలో ఇంజిన్ నీళ్లు తాగి ఒక్క క్షణంలో ఆగిపోయినప్పుడు క్రాంక్ ఆగుతుంది కానీ క్యామ్, పుల్లీలు, ఆల్టర్నేటర్ ఆ ఊపులో ముందుకెళ్లబోతాయి. ఆ గుద్దు మొత్తం ఈ కీ మీదే పడుతుంది. అప్పుడే కీ దెబ్బతిని ఉండొచ్చు, ఆ పాత కీ, పాత బోల్టే మళ్లీ వేసి ఉంటారు. రాడ్ వంగిందా అని అందరూ చూస్తారు, కీ ఎవరూ చూడరు.

ఇక రిపేరు. క్రాంక్ కీవే వెల్డింగ్ చేసి మళ్లీ కోద్దాం అని ఎవరైనా అంటే వద్దనండి. ఆ వేడికి క్రాంక్ ముక్కు వంగుతుంది. పైగా దానికోసం ఇంజిన్ మళ్లీ దించాలి. బయటి చివరే వెడల్పయింది కాబట్టి కీవే అంచులు శుభ్రం చేసి, అరిగినంత మేర కొలత తీసుకుని స్టెప్ కీ చేయించండి. కింది సగం క్రాంక్‌కి సరిపోయే వెడల్పు, పై సగం కొత్త పుల్లీకి సరిపోయే వెడల్పు. మెట్టు మధ్యకి సమానంగా రావాలి, ఒక పక్కకి జరిగితే వాల్వ్ టైమింగ్ జరుగుతుంది. మెత్తటి ఇనుము వాడొద్దు.

సమురాయ్ డల్లాస్

ఇక్కడ చాలామంది లాక్‌టైట్ 660 అనే జిగురు వాడతారు. అరిగిన కీవేల్లాంటి చోట్ల గ్యాప్ నింపడానికి చేసిందే అది, 0.5 మి.మీ. దాకా పూడుస్తుంది. స్టెప్ కీతో పాటు అది కూడా పూస్తే దిట్టం. కానీ తర్వాత పుల్లీ తీయాలంటే వేడి చేయాల్సి వస్తుంది, వెనకున్న ఆయిల్ సీల్ జాగ్రత్త. పుల్లీ, బోల్టు మాత్రం కొత్తవి తప్పనిసరి. క్రాంక్ రంధ్రంలో మరలు శుభ్రం చేసి, ఫ్లైవీల్ లాక్ చేసి, మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తో బిగించండి. రెంచ్ లేకపోతే తెచ్చుకునేదాకా ఆగండి.

టాపెట్‌బాబాయ్

బిగించాక టైమింగ్ బెల్టు మార్కులు మళ్లీ కలుపు, ఆ తర్వాత ఇగ్నిషన్ టైమింగ్ మొదటి నుంచి పెట్టు. ఇప్పటిదాకా పెట్టింది అబద్ధపు 0 మీద పెట్టింది.

నల్లమల రైడర్

ఆల్టర్నేటర్ కొనమన్నందుకు సారీ అన్నా 😀

గెడ్డజిప్సీ

అప్‌డేట్. స్టెప్ కీ చేయించి, కొత్త పళ్ల పుల్లీ, కొత్త బోల్టు వేసి, 660 పూసి, ఫ్లైవీల్ లాక్ చేసి టార్క్ రెంచ్‌తో బిగించాం. ఒక రాత్రి అలాగే వదిలేశాం. 1వ పిస్టన్ పైన ఉన్నప్పుడు మార్కు ఇప్పుడు సరిగ్గా 0 దగ్గరే ఉంది. బాబాయ్ గారు చెప్పినట్టు టైమింగ్ మళ్లీ పెట్టాక ఐడ్లింగ్‌లో సౌండ్ పూర్తిగా పోయింది, పికప్ కూడా పెరిగింది. ఇన్నాళ్లూ ఎత్తులో ఈడ్చుకుంటుంటే కొత్త ఇంజిన్ పని, ఇంకా సర్దుకోలేదు కదా అని సరిపెట్టుకున్నాను.

డల్లాస్ గారికి, మాస్టర్ గారికి, బాబాయ్ గారికి థ్యాంక్స్. ఒక్క ప్రశ్న మిగిలింది. ఆయిల్ ఇప్పుడే మార్చాలా?

లేత్‌మాస్టర్

మార్చేయండి, ఫిల్టర్‌తో సహా. కొత్త బోరు నుంచి వచ్చే ఇనప పొడి అందులోనే ఉంటుంది. కొన్నాళ్లు ఒకే ఆర్‌పీఎంలో లాగించకుండా ఎక్కిస్తూ దించుతూ నడపండి. లో రేంజ్‌లో బురదలో పెట్టి పీకించకండి.

శ్రీకాకుళం ఎంపీఎఫ్ఐ | టెక్కలి

నాది 2004 ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉండే) జిప్సీ, 16 వాల్వులది. మొన్న టైమింగ్ బెల్టు మార్పించాను, సౌండ్ ఏమీ లేదు. నేను కూడా ఆ బోల్టు చూపించుకోవాలా?

సమురాయ్ డల్లాస్

బెల్టు మార్చేటప్పుడు ఆ బోల్టు విప్పారా లేదా అడగండి. విప్పితే టార్క్ రెంచ్ వాడారా అని కూడా అడగండి. జవాబు తడబడితే ఫ్లైవీల్ లాక్ చేసి ఒకసారి రెంచ్ పెట్టించండి. మీ ఇంజిన్ బోల్టుకి మాన్యువల్‌లో ఉన్న లెక్కే వాడండి, ఈయన కార్బ్యురేటర్ బండి లెక్క కాదు. ప్లగ్ వైర్లు పీకి చూసే పని మాత్రం మీ బండి మీద చేయకండి.